అనంతపురంలో మిద్దె ఇంటికి కట్టెల పొయ్యి ఎక్కడ కట్టించుకోవడం క్షేమం?

సంగటికో, నీళ్లు కాచుకోవడానికో ఇంట్లోనే కట్టెల పొయ్యి కావాలనుకునేవారు ముందుగా చూడవలసింది గాలి వాటం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ పడమటి, నైరుతి గాలులు బలంగా వీస్తాయి కాబట్టి, పొయ్యి నోరు పడమటి వాకిలికి ఎదురుగా ఉంటే పొగ ఇంట్లోకే తిరిగి, నిప్పురవ్వలు చెదురుతాయి. ఆగ్నేయ మూల వంటిల్లు పెట్టే ఆచారం ఈ విషయంలో కొంత కలిసివస్తుంది.

చాలామంది మంట తగిలేచోట కూడా కడప బండలే పరుస్తారు, అది పొరపాటు. అవి పొరలున్న సున్నపురాళ్లు, లోపల తేమ ఉంటే వేడికి పెట్లి పెచ్చులు ఎగురుతాయి. మంట తగిలేచోట కాల్చిన ఇటుక పేర్చి బంకమట్టి మెత్తించి, బండను బయటి అంచుకు వాడుకోవాలి.

పొయ్యి ముందు 3 అడుగుల మేర కట్టెలు, శనక్కాయ పొట్టు సంచులు ఉండకూడదు. గ్యాస్ సిలిండరు ఆ గదిలోనే వద్దు. పొగగొట్టం దూలాలకు తగలకుండా పోవాలి, మిద్దెపైన కనీసం 3 అడుగులు లేవాలి, 10 అడుగుల లోపల నీళ్ల ట్యాంకు ఉంటే దానికంటే 2 అడుగులు ఎత్తుండాలి. కట్టెల పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు గనుక, కిటికీ లేని గదిని మొదటే వదిలేయండి.