దశమభాగం లెక్కలో అమ్మ ఎక్కడ?

ప్రశ్న: నా వయసు 33. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. కొన్నేళ్ల క్రితం ఇక్కడి ఒక సంఘంలో చేరి మారుమనస్సు పొందాను. జీతం 1,20,000. కోతలు పోగా చేతికి 1,04,000 వస్తుంది. దశమభాగం (సంపాదనలో దేవుడికిచ్చే పదో వంతు) మొత్తం జీతం మీద ఇవ్వాలా, చేతికొచ్చిన దాని మీద ఇవ్వాలా? దీని మీద నాకూ నా భార్యకూ రోజూ వాదన. మోకరిస్తే ప్రార్థన సాగడం లేదు, ఒకటే టెన్షన్. నాన్న నా చిన్నప్పుడే పోయారు. అమ్మ పొగాకు కంపెనీలో ఆకులు వేరుచేసే గ్రేడింగ్ పనికి వెళ్లి నన్ను చదివించింది. ఇప్పుడు ఊళ్లో ఒక్కతే ఉంటుంది. 4,000 పింఛను వస్తుంది, నేనూ వీలైనప్పుడు పంపుతాను. పాత బాప్టిస్టు సంఘం వదిలి మా సంఘంలోకి రమ్మంటే రాదు. పోయిన క్రిస్మస్‌కు వెళ్లినప్పుడు ‘నీది పేరుకు క్రైస్తవ్యం, మీ సంఘంలో ఆత్మ లేదు’ అన్నాను. అప్పటినుంచి ఫోన్లో ముక్తసరిగా మాట్లాడుతోంది. తల్లిని నాకంటే ఎక్కువగా ప్రేమించేవాడు నాకు పాత్రుడు కాడని ప్రభువే అన్నాడు కదా అని సర్దుకుంటున్నాను. దశమభాగం సంగతి తేల్చి చెప్పండి.

జవాబు: మీ లెక్క ముందు తేల్చేస్తాను. మొత్తం జీతం మీదైతే 12,000, చేతికొచ్చిన దాని మీదైతే 10,400. తేడా 1,600 రూపాయలు. ఇద్దరూ కూర్చుని ఒక మాట అనుకోండి, ఏది ఇచ్చినా సంతోషంగా ఇవ్వండి. రోజూ గొడవ పడేంత సంగతి ఇందులో లేదు. పుదీనాలో, సోపులో, జీలకర్రలో కూడా పదో వంతు చెల్లించి, న్యాయాన్నీ కనికరాన్నీ విశ్వాసాన్నీ వదిలేసిన వాళ్లను యేసు ఎంత గట్టిగా గద్దించాడో మత్తయి 23లో మీరు చదివే ఉంటారు.

నన్ను బాధపెట్టింది ఉత్తరం చివరి భాగం. జీతం ఎంతో రాశారు, కోతలు పోగా ఎంతో రాశారు, అమ్మ పింఛను ఎంతో కూడా రాశారు. అమ్మకు మీరు పంపేది మాత్రం ‘వీలైనప్పుడు’ అన్నారు. ఆ ఒక్కచోటే అంకె లేదు. ప్రభుత్వం ఒకటో తారీఖున ఆమె గుమ్మం దగ్గరికి మనిషిని పంపించి డబ్బు చేతిలో పెట్టిస్తోంది. కన్నకొడుక్కి మాత్రం వీలు చూసుకోవాల్సి వస్తోందా? గ్రేడింగ్ పని అంటే ఏమిటో నేను మీకు చెప్పక్కర్లేదు. ఆ ఘాటు, ఆ దుమ్ము, రాత్రంతా దగ్గు, ఇవన్నీ చూస్తూ పెరిగినవారు మీరు. మీ ఇంజనీరింగ్ ఫీజు ఆ ఆకుల్లోంచే వచ్చింది.

మత్తయి 10వ అధ్యాయంలోని ఆ మాట మీరు వాడుకున్న తీరు నాకు నచ్చలేదు. యేసును వెంబడించడానికి ఇంటివాళ్లే అడ్డం పడినప్పుడు ఎవరి పక్షాన నిలబడాలో చెప్పే మాట అది. మీ అమ్మ దేనికి అడ్డం పడింది? బాప్తిస్మం వద్దందా, ప్రార్థనకు వెళ్లొద్దందా? తన మందిరం తాను వదలనంది, అంతే. మార్కు 7వ అధ్యాయం కూడా తీయండి. తల్లిదండ్రులకు చెందాల్సినదాన్ని ‘ఇది దేవుడికి ఇచ్చేశాను, కొర్బాను’ అని తప్పించుకునే వాళ్లు దేవుని వాక్యాన్నే రద్దు చేస్తున్నారని యేసు అన్నాడు. సిలువ మీద వేలాడుతూ, ప్రాణం పోయే గడియలో కూడా తన తల్లిని శిష్యుడికి అప్పగించాడు. ఆయన శిష్యుణ్ణని చెప్పుకునే మనిషి తల్లిని ఎలా చూసుకోవాలో ఇంతకంటే ఏం చెప్పాలి?

డబ్బు విషయం కనీసం సరిదిద్దుకోవచ్చు. మీరన్న ఆ మాట అంతకంటే పెద్ద గాయం. ‘నీది పేరుకు క్రైస్తవ్యం’ అని పండగ పూట, ఆమె ఇంట్లో, ఆమె వండిపెట్టిన అన్నం తిని అన్నారు. ఆమె పాడే పాత కీర్తనలు, కొంగున ముడేసుకుని తెచ్చే కానుక మీ కంటికి చిన్నగా కనిపిస్తున్నాయి. తన శిష్యుడు తిమోతికి రాస్తూ పౌలు, నీలో ఉన్న ఈ విశ్వాసం మొదట మీ అవ్వ లోయిలో, మీ అమ్మ యునీకేలో ఉన్నదే అని గుర్తు చేశాడు. మీకు మొదట మోకరించడం నేర్పింది ఎవరు? హైదరాబాద్ సంఘమా?

మీ ఒంగోలు చరిత్ర కూడా ఒకసారి తలుచుకోండి. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లాఫ్ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని చూపించారు. బాప్తిస్మం ఇమ్మని జనం అడుగుతున్నా, కరువు నడిచినన్నాళ్లూ ఇవ్వలేదు. తిండి ఆశతో ఎవరూ రాకూడదన్నది ఆయన పట్టుదల. సాయం ఆగిపోయాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది ఊరి చివర బతికిన మాదిగలు. మీ ప్రాంతపు బాప్టిస్టు సంఘాల వెనక ఇంత కథ ఉంది. అలాంటి చోట ఆత్మ లేదని తీర్పు చెప్పే అధికారం మీకు ఎవరిచ్చారు? మీ సంఘంలో ఎవరైనా ఈ మాట నేర్పి ఉంటే, వాళ్లు మీకు మేలు చేయలేదు.

మీ ప్రార్థన సాగకపోవడానికి 1,600 రూపాయలు కారణం అని నేను నమ్మను. బలిపీఠం దగ్గర కానుకతో నిలబడ్డప్పుడు, నీ మీద ఎవరికైనా బాధ ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే పెట్టి ముందు వెళ్లి సమాధానపడమన్నాడు ప్రభువు. మీకు గుర్తొచ్చింది, అందుకే నాకు రాశారు. కానీ వెళ్లలేదు.

వచ్చే శనివారం మీ భార్యను తీసుకుని ఊరికి వెళ్లండి. ‘అమ్మా, ఆ మాట అనకూడదు, తప్పు నాది’ అనండి. ‘కానీ’ అంటూ ఇంకో వాక్యం తగిలించొద్దు. ఆదివారం ఆమెతో కలిసి ఆమె మందిరానికి వెళ్లి, ఆమె పాడే పాట మీరూ పాడండి. ఆమె బీపీ, షుగర్ చూపించుకుని ఎన్నాళ్లయిందో కనుక్కోండి. ప్రతినెలా జీతం పడిన రోజే ఆమె ఖాతాలోకి వెళ్లేలా ఒక నిర్ణీత మొత్తం పెట్టండి. అది పింఛను కంటే తక్కువ ఉండకూడదు. దాన్ని దశమభాగంలోంచి తీయాలా, విడిగా ఇవ్వాలా అని మళ్లీ లెక్కలు మొదలుపెడతారేమో. నా మటుకు నేను విడిగా ఇవ్వమంటాను, అది దానం కాదు కాబట్టి, మీరు తీర్చాల్సిన బాకీ కాబట్టి. నిజంగా చాలని నెలలో దశమభాగంలోంచే ఇవ్వండి, దోషమేమీ లేదు. ద్వితీయోపదేశకాండం 14 చివర చదవండి, మూడేళ్లకోసారి తీసే పదో వంతులో మందిర సేవ చేసే లేవీయుడితో పాటు పరదేశికీ, తండ్రిలేని పిల్లలకూ, విధవరాలికీ భాగం ఉంది. మీ ఇంట్లో విధవరాలు మీ అమ్మే.

ఈ నెల కానుక ఎందుకు తగ్గిందని మీ పాస్టర్‌గారు అడిగితే, అమ్మకు పంపానని సూటిగా చెప్పండి. ఆయన సంతోషిస్తే అదే సంఘంలో ఉండండి. కోప్పడితే మళ్లీ రాయండి, అప్పుడు సంఘం గురించి మాట్లాడుకుందాం.