కాగితాలు ముట్టుకోబోయే ముందు, బుజ్జమ్మకు

పెరంబూరు, చెన్నై

చిరంజీవి బుజ్జమ్మకు పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు ఉద్యోగం మానేసి, చెన్నైలో ఉన్న తెలుగువాళ్ల పాత కాగితాలన్నీ స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెడతానంటున్నావట. "నువ్వయినా కాస్త చెప్పన్నయ్యా, నా మాట వినడం లేదు" అన్నాడు. సరే చెబుతాలే అన్నాను. ఫోన్ పెట్టేసి మీ పెద్దమ్మతో మాత్రం "మనింట్లో ఒక్కరికైనా బుద్ధి పుట్టిందే" అన్నాను. ఈ మాట మీ నాన్న చెవిన వెయ్యకు. అలాగని టెన్షన్ లేదని కాదు. జీవితమంతా లైబ్రరీలో కేటలాగు కార్డులు రాసినవాణ్ణి. కాగితం ఎన్ని రకాలుగా చస్తుందో చూసినవాణ్ణి. అందుకే ఈ ఉత్తరం.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. ముక్కుకి మాస్కు లేకుండా పాత కట్ట విప్పకు, ఆ దుమ్ముకే నాకు ఈ ఆయాసం. గ్లౌజుల మోజు వద్దు, చేతులు శుభ్రంగా కడుక్కుని తడి లేకుండా తుడుచుకుంటే చాలు. అసలు స్కాన్ నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా దాచు, చదివేవాళ్లకు పీడీఎఫ్ ఇవ్వు. మూడు కాపీలుండాలి, అందులో ఒకటి ఈ ఊళ్లో ఉండకూడదు, తిరుపతిలో మీ అత్తయ్య బీరువాలో పెట్టు. ఫైళ్లకు "స్కాన్ 1, స్కాన్ 2" అని పేర్లు పెట్టావంటే మాత్రం ఇటు రాకు. ఇవన్నీ నాకంటే నీకే బాగా తెలుసు.

నీకు తెలియంది చెబుతాను. వేళచ్చేరిలో గ్రౌండ్ ఫ్లోర్ గది చూశావట, అద్దె తక్కువట. ఎందుకు తక్కువో ఇంటాయన్ని అడిగావా? 2015 డిసెంబరులో అడయారు నది పొంగినప్పుడు నువ్వు ఈ ఊళ్లో లేవు. సైదాపేటలో నా స్నేహితుడి ఇంట్లోకి నడుముల్లోతు నీళ్లొచ్చాయి. ఏళ్ల తరబడి దాచిన ఉగాది సంచికలు, తెలుగు సంఘాల సావనీర్లు అన్నీ కింది అరలో ఉండేవి. న్యూస్‌ప్రింట్ మీద అచ్చయినవి విడదీసి, బట్టల తాళ్ల మీద వేసి, ఫ్యాన్లు పెడితే చాలావరకు బతికాయి. ఆర్టు పేపరు సావనీర్లు మాత్రం ఆరేకొద్దీ పేజీకి పేజీ అతుక్కుపోయి ఇటుకల్లా తయారయ్యాయి. ఆ కాగితం మీది పూత తడిసి ఆరిందంటే జిగురే. అలాంటివి తడిగా ఉండగానే ఫ్రీజర్‌లో పెట్టెయ్యాలి, తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. మళ్లీ 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వచ్చినప్పుడు వేళచ్చేరి ఎలా ఉందో టీవీలో నువ్వే చూశావు. అయినా అక్కడే గది! అదీ కింద! మెట్లెక్కలేనని చెప్పకు, నీకింకా ముప్పై నిండలేదు. మేడ మీద గది చూడు. అడ్వాన్సు తిరిగివ్వనంటే ఆ డబ్బు నేనిస్తాను. మీ నాన్నను అడగొద్దు.

ఇక అసలు సంగతి. ఇది కాస్త పెద్దది, కాఫీ తెచ్చుకుని కూర్చో.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, మా లైబ్రరీకి వచ్చే పత్రికల్ని ఆరు నెలలకోసారి కట్టగట్టి బైండింగుకి ఇచ్చేవాళ్లు. బైండరు వెనక వరండాలో కూర్చునేవాడు. పక్కనే మైదాలో మైలుతుత్తం కలిపి ఉడికించిన జిగురు గిన్నె. పురుగు పట్టకుండా అది కలిపేవాడు, అందుకే పిల్లుల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. సంచిక చేతికి రాగానే ముందు పిన్నులు ఊడబీకేవాడు. తర్వాత అట్ట తీసేసేవాడు. తర్వాత బొటనవేలితో పేజీలు తిరగేస్తూ, కథో వ్యాసమో లేని కాగితం కనబడిందల్లా సర్రున లాగి పక్కన పడేసేవాడు. సబ్బులు, తలనూనెలు, తలనొప్పి మందులు, కుట్టుమిషన్లు, "వధువు కావలెను"లు, అన్నీ నేల మీద. సాయంత్రానికి చీపురుతో మూలకు తోసేవాళ్లు. వాటిలో కొన్ని వేరుసెనగపప్పు పొట్లాలయ్యేవి.

ఆ మనిషిని అనాల్సింది లేదు. "విషయం" ఉన్న పేజీలే బైండు చెయ్యాలని పైనుంచి ఆర్డరు. అరల్లో చోటు చాలదు, వాల్యూము లావైతే ఖర్చూ ఎక్కువ. పై దేశాల్లో కూడా ఎన్నో లైబ్రరీలు అప్పట్లో ఇదే చేశాయి. ఏది విషయం, ఏది కాదు అని ఎవరు నిర్ణయించారో మాత్రం ఏ ఫైల్లోనూ రాసి లేదు.

నేను రిటైరయ్యే రోజుల్లో ఆంధ్రా నుంచి ఒక అమ్మాయి పీహెచ్‌డీ పని మీద వచ్చింది. 1930ల్లో మద్రాసులో తెలుగు ఆడవాళ్లు ఏం కొనేవారు, డబ్బు ఎవరి చేతిలో ఉండేది, పత్రికలు వాళ్లకు ఏం అమ్మాలని చూశాయి, ఇదీ ఆ అమ్మాయి టాపిక్. నాకు ఎంత ముచ్చటేసిందో! ఎందుకంటే మన మద్రాసు పత్రికల చరిత్రలో సగం మందు సీసాల చరిత్రే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ డబ్బుతోనే 1908లో అక్కడ ఆంధ్రపత్రిక వారపత్రికగా వచ్చింది, 1914లో మద్రాసులో దినపత్రిక అయింది, 1924లో భారతి పుట్టింది. డాక్టర్ కేసరి గారు ఆడవాళ్ల కోసం లోధ్ర అనే మందు తయారు చేసి అమ్మారు, 1928లో గృహలక్ష్మి మాసపత్రిక పెట్టారు. అంటే ప్రకటన పక్కన కథ అచ్చయిందా, కథ పక్కన ప్రకటన అచ్చయిందా చెప్పడం కష్టం. మరి ప్రకటనలు పీకేస్తే ఆ పత్రిక ఎలా బతికిందన్న సంగతి ఎక్కడ దొరుకుతుంది?

ఆ అమ్మాయి అడిగిన వాల్యూములన్నీ తెచ్చి ముందు పెట్టాను. కాలికో గుడ్డ, బంగారు అక్షరాలు, చూడ్డానికి ఎంత బాగున్నాయో. తెరిస్తే ప్రకటన ఉండాల్సిన చోట కుట్టు దగ్గర చిరిగిన కాగితపు అంచు. ఒకదాని మీద "అణాలు" అన్న మాట మిగిలింది, ఎన్ని అణాలో లేదు. దేనికో లేదు. ఆ పిల్ల కోప్పడలేదు. ఆ అంచుల్నే ఒక్కొక్కటీ ఫొటో తీసుకుని, థాంక్స్ చెప్పి వెళ్లిపోయింది. నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండేది.

స్కానర్లు వచ్చాక ఈ జబ్బు పోతుందనుకున్నాను. పోలేదు, కాంట్రాక్టులోకి దూరింది. పేజీకింత అని లెక్క కట్టినచోట పని చేసేవాడు మడతపెట్టిన మ్యాపు విప్పడు, వెనక అట్ట తిప్పడు. కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి గారు అప్పటి చిత్తూరు జిల్లా కాటూరు మనిషి, మన గిండీ ఇంజనీరింగ్ కాలేజీలోనే చదివారు. ఆయన అమెరికాలో కార్నెగీ మెలన్‌లో ఉండి నడిపించిన మిలియన్ బుక్స్ అనే పుస్తకాల స్కానింగ్ పథకం, దాంతోపాటు బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ కూడా చేయి వేసిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా లేకపోతే ఎన్నో పాత తెలుగు పుస్తకాలు ఇవాళ మన కంటికి కనబడేవే కావు. ఆ రుణం తీరేది కాదు. అయినా అందులోనూ పేజీ మీద వేళ్లు పడ్డవి, పేజీలు తప్పిపోయినవి, పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎలాపడితే అలా ఎక్కినవి ఉన్నాయి. పేరు తప్పు ఎక్కిన పుస్తకం ఉన్నా లేనట్టే. ఆ సైటు మూతబడ్డాక కూడా పుస్తకాలు దొరుకుతున్నాయంటే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కాపీలు ఉండబట్టే. మూడు కాపీలని ఊరికే అనలేదు.

కాబట్టి అట్ట నుంచి అట్ట దాకా, ఖాళీ పేజీతో సహా. చీటీ అయితే రెండు వైపులా. మొన్న పక్కింటివాళ్లు పాత పేపర్లవాడికి వేస్తున్న కట్టలోంచి ఒక శుభలేఖ లాగాను. "పరాభవ నామ సంవత్సర మాఘ మాసమున" అని ఉంది, ఇంగ్లీషు తేదీ లేదు. పరాభవ 1906-07లో వచ్చింది, మళ్లీ 1966-67లో వచ్చింది. ఇందులో ఏది? అడ్రసు చూశాను, "మద్రాసు-17" అని ఉంది. అంటే త్యాగరాయనగర్, ఆ పేటే 1920ల్లో గాని పుట్టలేదు. మాఘమాసం కాబట్టి 1967 మొదట్లో జరిగిన పెళ్లి. ఆరంకెల పిన్‌కోడు రావడానికి ఇంకా అయిదేళ్లుంది, అదీ సరిపోయింది. ఇలాంటి లెక్క నీ జాబితాలో ఒక కాలమ్‌లో రాసిపెట్టు, తేదీ ఎలా తేల్చావో కూడా. ఇక కార్డు వెనక పెన్సిల్‌తో అరిటాకులు, బెల్లం, సన్నాయివాళ్ల అడ్వాన్సు లెక్క. ముందువైపు స్కాన్ చేస్తే పెళ్లి దొరుకుతుంది. వెనకవైపు చేస్తే ఆ ఏడు మాంబళంలో బెల్లం ధర దొరుకుతుంది.

యూనివర్సిటీ థీసిస్‌లు కూడా పెడతావట. కొత్తవాటి వెంట పడకు, 2009 యూజీసీ నిబంధన తర్వాతవి థీసిస్‌లు ఆన్‌లైన్‌లో దాచే శోధ్‌గంగలోకి వెళ్తున్నాయి. పాతవి, కార్బన్ కాపీ మిగిలినవి, చేత్తో రాసి ఇచ్చినవి ఉంటాయి, వాటికోసం తిరుగు. కానీ థీసిస్‌లు ఒక అరలో, ఇళ్లల్లో దొరికిన చీటీలు ఇంకో అరలో అని గోడ కట్టకు. మా పెరంబూరు మిల్లుల దగ్గర 1918లో మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. ఆ మిల్లు కార్మికుల మీద ఎవరైనా పరిశోధన చేసి ఉంటే, అది తెరిచినవాడికి అదే పేటలోని తెలుగు భజన సమాజం చందా పుస్తకం కూడా పక్కనే కనబడాలి. తరమణిలో రోజా ముత్తయ్య లైబ్రరీకి వెళ్లి ఒక రోజంతా కూర్చో. ఆ ముత్తయ్య చెట్టియారు గారు చెట్టినాడులోని కొట్టైయూరులో పుస్తకాలతో పాటు కరపత్రాలు, ఆహ్వానాలు కూడా పోగేశారు. 1992లో ఆయన పోయాక షికాగో విశ్వవిద్యాలయం ఆ సేకరణను కొని, దేశం దాటించకుండా చెన్నైలోనే 1994లో లైబ్రరీ పెట్టించింది. తమిళానికి అది ఉంది. మనకు నువ్వు చేస్తే ఉంటుంది.

జాగ్రత్త పడాల్సింది ఇంకొకటి ఉంది. ఇంటి కాగితాల్లో అప్పులుంటాయి, జాతకాలుంటాయి, చందా ఇవ్వనివాళ్ల పేర్లుంటాయి. మనవడు సంతకం పెట్టి ఇచ్చినంత మాత్రాన తాతగారి తాకట్టు పత్రం లోకమంతా చూడక్కర్లేదు. కొన్ని స్కాన్ చేసి, ఇన్నేళ్లదాకా తెరవకూడదని రాసుకుని మూసిపెట్టు. కాపీరైటు కూడా చూసుకో. రచయిత పోయిన మరుసటి ఏడు నుంచి అరవై ఏళ్లు. చందమామ నడిపిన కొడవటిగంటి కుటుంబరావు గారు 1980లో పోయారు, అంటే ఆయన రాసినవి 2040 ఆఖరుదాకా వారసులను అడక్కుండా పెట్టకూడదు. సంఘాల సెక్రటరీలు కాగితాలు ఇవ్వకపోతే పోట్లాడకు, రెండోసారి వెళ్లు, కాఫీ తాగు, వాళ్లు నాటకాల్లో వేసిన వేషాల గురించి అడుగు.

ఉద్యోగం మానేసినందుకు నిన్ను తిట్టాలని కూర్చున్నాను, ఎటో పోయాను. మానెయ్యకుండా సెలవు పెట్టి ఒక ఏడాది చూడలేవా? మీ అమ్మ ఏడుస్తోంది. అయినా నీకెందుకు తొందరో నాకు తెలుసు. 2006 చట్టంతో ఇక్కడి బడుల్లో తమిళం తప్పనిసరి అయ్యాక తెలుగు చదివే పిల్లలు పలచబడ్డారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవలేరు. చదవలేని కాగితాన్ని ఎవరు దాస్తారు? నీ తరం దాటితే అన్నీ కిలోల లెక్కే. నువ్వు అయిదో క్లాసులో ఉండగా వేసవి సెలవల్లో నా పక్కన కూర్చుని గుణింతాలు దిద్దుతూ, ఋ దగ్గర చెయ్యి నొప్పని గునిసిన పిల్లవి. పోనీలే, మీ నాన్నతో నేను మాట్లాడతాను.

మన తాతగారి లెక్కల పుస్తకాలు నా ట్రంకు పెట్టెలో ఉన్నాయి, గొలుసుకట్టు రాత. నీకు ఒక్క అక్షరం అర్థం కాదు, కంప్యూటరుకీ కాదు. నేను చదువుతాను, నువ్వు టైపు చెయ్యి. ఉదయం పదిలోపు రా, మధ్యాహ్నం కళ్లలో చుక్కలు వేసుకున్నాక నాకు అక్షరాలు ఆనవు. ఆదివారం మాత్రం వద్దు, మీ అత్తయ్యావాళ్లు వస్తున్నారు, ఆ గోలలో పని సాగదు. పెట్టె ఆటోలో పట్టదు, దాన్ని తీసుకెళ్లే ఆలోచన పెట్టుకోకుండా స్కానరే ఇక్కడికి తెచ్చుకో.

ఆశీస్సులతో,
పెదనాన్న