టెక్ సందేహాలు: సుడి తిప్పితే ముఖం పోతుందా?

ప్రశ్న: పత్రికలో 30 ఏళ్లుగా ఫొటోగ్రాఫర్‌ని. ఇప్పుడు ఫీచర్ పేజీలకు ఫొటోల ఆధారంగా బొమ్మలు కూడా నన్నే చేయమంటున్నారు. ఎడిటింగ్ ఎక్కడ మొదలుపెట్టాలి? బాధితులను ఎవరూ గుర్తుపట్టకుండా వారి ముఖాలను సుడి తిప్పడమో, గళ్లు గళ్లుగా చేయడమో సరిపోతుందా?

జవాబు: మొదటిదానికి జవాబు చిన్నదే. లేయర్లు (బొమ్మలో ఒకదాని మీద ఒకటి పరిచే పొరలు), మాస్కులు చేతికి వచ్చేదాకా ఫిల్టర్ల జోలికి వెళ్లకండి. డార్క్‌రూమ్‌లో ప్రింటు మీద పడే వెలుతురుకు అట్టముక్క అడ్డుపెట్టేవారు కదా, మాస్క్ చేసేదీ అదే. కాకపోతే ఇక్కడ అట్టముక్కను ఎప్పుడైనా తీసేయవచ్చు. పని పూర్తికాకముందే జేపీఈజీగా సేవ్ చేయకండి, సేవ్ చేసిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది. న్యూస్‌ప్రింట్ సిరాను పీల్చుకుంటుంది, చుక్క వ్యాపిస్తుంది. తెర మీద ముచ్చటగా ఉన్న నీడలు అచ్చులో మసిబొగ్గవుతాయి. వాటిని కాస్త తేలిక చేసి పంపండి.

నన్ను కలవరపెట్టేది మీ రెండో ప్రశ్న. ఇదే మాట నన్ను అడిగినవారిలో మీరు మొదటివారు కాదు. సుడి తిప్పితే ముఖం చెరిగిపోదు, పిక్సెళ్లు చోటు మారతాయంతే. వెనక్కి తిప్పితే దాదాపుగా తిరిగి వస్తుంది. 2007లో ఇంటర్‌పోల్ వెతికిన ఒక నిందితుడు తన ముఖాన్ని ఇలాగే దాచుకున్నాడు. జర్మన్ పోలీసు నిపుణులు ఆ సుడిని విప్పారు, ఫొటో విడుదలైన కొద్ది రోజులకే అతను పట్టుబడ్డాడు. అక్కడ దొరికింది నేరగాడు, మీ ఫొటోలో ఉన్నది బాధితురాలు. గళ్లనూ నమ్మకండి. అనుమానం ఉన్నవారి ఫొటోలను అలాగే గళ్లు చేసి పోల్చి చూసే వీలుంది.

ఒకసారి ఒక మిత్రుడు అచ్చుకు పంపబోయే ఫైలు నాకు చూపించాడు. కిటికీ దగ్గర నల్లని ఆకారం, బాగుంది. లేయర్ల పట్టీలో ఆ నల్ల పొరను కనబడకుండా చేసే కన్ను గుర్తు నొక్కాను. నలుపు మాయమై, చెవికమ్మలతో సహా అమ్మాయి ముఖం బయటపడింది.

తప్పంతా అతనిదే అనను. చాలా ఎడిటర్లలో ‘క్రాప్’ నొక్కినా అంచు అవతలి భాగం ఫైల్లోనే ఉండిపోవచ్చు. కత్తెర బొమ్మ పెట్టి లోపల మడతపెట్టి దాచడమేమిటి? 2023లో ఒక రకం ఫోన్లలో కత్తిరించిన స్క్రీన్‌షాట్ల నుంచి తీసేసిన భాగాన్ని తిరిగి రాబట్టవచ్చని తేలింది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఫొటోను మార్చినా అందులోని చిన్న నమూనా చిత్రాన్ని మార్చవు. ఫోనుతో తీసిన ఫొటో అయితే బాధితుల ఇంటి అక్షాంశ రేఖాంశాలు కూడా అందులో కూర్చుని ఉండవచ్చు. ‘దాచు’, ‘తొలగించు’ అన్న మాటలకు తేడా తెలియనివారు బటన్లకు పేర్లు పెడుతున్నట్టున్నారు.

ముఖం మీద చిక్కని ఒకే రంగు పూసి, లేయర్లన్నీ కలిపేసి, మెటాడేటా (ఫొటోతో పాటు ఫైల్లో దాగి ఉండే చోటు, సమయం లాంటి వివరాలు) లేకుండా కొత్త ఫైలుగా తీయండి. ఆ ఫైలును వేరే కంప్యూటర్‌లో తెరిచి చూశాకే డెస్క్‌కు పంపండి.

ఇంకా మేలైన దారి, అసలా ఫొటోను ముట్టుకోకపోవడం. ఒప్పుకున్న సహోద్యోగిని ఎవరినైనా కిటికీ పక్కన వెలుతురుకు ఎదురుగా నిలబెట్టి కొత్త ఫొటో తీసుకోండి, దాని మీద బొమ్మ కట్టండి. కెమెరా మీ చేతిలోనే ఉంది కదా. కింద ‘ప్రతీకాత్మక చిత్రం’ అని వేయించడం మాత్రం మరవకండి.