నాన్నను తెచ్చుకునే ముందు

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నాన్నను తెనాలి నుంచి తీసుకొచ్చి హైదరాబాద్‌లో నీ దగ్గరే ఉంచుకుంటున్నావని మీ పిన్ని చెప్పింది. మీ అమ్మ ఉంటే ఎంత మురిసిపోయేదో! నేనూ మురిసిపోయాను, కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు. మీ పెదనాన్నను ఇదే పార్కిన్సన్స్ జబ్బుతో చివరిదాకా చూసుకున్నదాన్ని కదా.

బాత్రూమ్‌లో పట్టుకోవడానికి కమ్మీ, జారని చెప్పులు, రాత్రిపూట చిన్న లైటు. ఇవి నీకు తెలుసు, చేయించు. ఈ జబ్బుకి వేసే సిండోపా టాబ్లెట్ వేళ తప్పకుండా, అన్నానికి అరగంట ముందు. డాక్టర్ చెప్పకుండా ఒక్క పూట కూడా ఆపకు.

నాన్నకి మతిమరుపు వచ్చిందని కంగారుపడుతున్నావట. "ఇప్పుడే చెప్పాను కదా నాన్నా" అంటున్నావట. ఆ మాట అనకు తల్లీ. కాగితం ముట్టకుండా కొట్లో సరుకులన్నిటికీ నోటిలెక్క వేసిన మనిషి ఆయన. తన లెక్క తప్పుతోందని నీకంటే ముందు ఆయనకే తెలుసు. ఈ జబ్బులో మెదడులో డోపమైన్ అనే రసాయనం తగ్గుతుంది. అది తగ్గితే వణుకూ బిగువూ మాత్రమే కాదు, ఒక సంగతిని మనసులో కాసేపు పట్టి ఉంచి అటూ ఇటూ తిప్పి చూసే శక్తి కూడా తగ్గుతుంది. డాక్టర్లు దాన్ని వర్కింగ్ మెమరీ అంటారు. 1817లో ఈ జబ్బు గురించి వివరంగా రాసిన జేమ్స్ పార్కిన్సన్ కూడా బుద్ధికి దెబ్బ తగలదనే అనుకున్నాడు. అదే నమ్మి ఇప్పటికీ చాలా ఇళ్ళలో దీన్ని మొండితనం కింద జమకడతారు.

"స్నానం చేసి, టాబ్లెట్ వేసుకుని, గేటు తాళం చూసి రండి" అని ఒక్క ఊపిరిలో చెప్పకు. స్నానం అయ్యాక టాబ్లెట్ మాట ఎత్తు. జవాబు వచ్చేదాకా ఆగు, మధ్యలో ఇంకోటి అడిగితే మొదటిదీ పోతుంది. పేరు తట్టకపోతే మొదటి అక్షరం అందించు, చాలాసార్లు మిగతాది ఆయనే చెప్పేస్తారు. వారాలు వెనక నుంచి చెప్పమనడం, వందలోంచి ఏడు తీసేయమనడం డాక్టర్ చేసే పరీక్షలు. ఇంట్లో నువ్వు పెట్టకు. నడుస్తున్నప్పుడు అసలు మాట్లాడించకు. అడుగు మీదా మాట మీదా ఒకేసారి ధ్యాస పెట్టలేక పడిపోతారు.

అన్నిటికంటే నాకు భయం మందుల చీటీ. మీ అక్క పెళ్ళిలో కన్యాదానం వేళ చేతులు వణుకుతాయని మీ పెదనాన్నకి ఒకటే దిగులు. మా ఊళ్ళో చూసే డాక్టరు వణుక్కి ట్రైహెక్సీఫెనిడిల్ అనే టాబ్లెట్ కలిపారు. వణుకు తగ్గింది, నీళ్ళు తొణక్కుండా ధారపోశారని అందరం సంబరపడ్డాం. పెళ్ళయ్యాక కూడా అదే చీటీ మందుల షాపులో చూపించి తెస్తూ పోయాం. ముందు నోరెండిపోవడం, మలబద్ధకం. తర్వాత మాట మొదలుపెట్టి సగంలో ఆగిపోయేవారు. రమ్మీలో అంత ఘనుడు, ముక్కలు సర్దుకోలేక పేక కింద పెట్టేశారు. ఒక సాయంత్రం మూలన ఎవరో పిల్లలు కూర్చున్నారన్నారు. జబ్బు ముదిరిందని అందరూ తేల్చేశారు. ఆయనా అదే నమ్మి, బ్యాంకు పుస్తకాలన్నీ తెచ్చి నా ఒళ్ళో పెట్టారు.

చివరికి హైదరాబాద్‌లో ఒక న్యూరాలజిస్టు పాత చీటీలన్నీ పరిచి చూసి ఈ టాబ్లెట్ దగ్గర ఆగారు. జ్ఞాపకానికి అవసరమైన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం పనిని అది అడ్డుకుంటుందట, వయసు మళ్ళినవాళ్ళ మెదడు తట్టుకోలేదట. కొద్దికొద్దిగా తగ్గించి మాన్పించారు. మూలన పిల్లలు కనిపించడం పోయింది. వణుకు తిరిగొచ్చింది, ఆ వణికే చేత్తోనే మళ్ళీ పేక పట్టారు, మునుపటంత చురుగ్గా కాకపోయినా. ఆ నెలల్లో చూడ్డానికొచ్చినవాళ్ళు ఆయన ఎదుటే ఆయనకేం తెలియదన్నట్టు మాట్లాడుకున్నారు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మూత్రం ఆగకపోవడానికి, నిద్రకి, జలుబుకి ఇచ్చే కొన్ని మందులూ ఇలాగే మనసును మసకబారుస్తాయి. వాంతులకి మెటోక్లోప్రమైడ్ ఇస్తే బిగువు, వణుకు పెరుగుతాయి. అందుకని పంటి డాక్టర్ దగ్గరైనా సరే, పార్కిన్సన్స్ అని ముందే చెప్పు. ఉన్నట్టుండి అయోమయంగా మాట్లాడితే జబ్బే అని సరిపెట్టుకోకు, యూరిన్ ఇన్ఫెక్షన్ ఉందేమో చూపించు. ఎవరో ఒకరు దూలగొండి పొడి తెస్తారు. సిండోపాలో ఉండే లెవోడోపా మందే అందులోనూ నిజంగానే ఉంటుంది, సిండోపా మీద అదీ పడితే మోతాదు ఎక్కడికి పోతుందో! డాక్టర్‌ని అడక్కుండా ఇవ్వకు.

ఆఫీసు కాల్స్ మాట్లాడుతూ చూసుకుంటానన్నావట. అలా కుదరదు, పగలు ఒక మనిషిని పెట్టుకో. డబ్బు సంగతి నాతో మాట్లాడు, మొహమాటపడకు. నువ్వు సన్నబడ్డావని కూడా విన్నాను, వేళకి తిను.

ఇప్పుడు నాన్న వాడే టాబ్లెట్లు ఒక్కటీ వదలకుండా, అట్ట వెనకవైపు పేరు కనిపించేలా ఫొటోలు తీసి ఈ రాత్రికే నా వాట్సాప్‌కి పంపు. జలుబు మాత్ర కూడా.

మీ పెద్దమ్మ