బాబు ఐ-94 డేట్ వాళ్లమ్మ దానికన్నా ముందే అయిపోతోంది – సమాధానం

మీ బాబు ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఎంట్రీ రికార్డు) డేట్ వాళ్లమ్మ దానికన్నా ముందే ఎందుకు అయిపోతోందని అడిగారు కదా, దాదాపుగా కారణం బాబు పాస్‌పోర్టే. చిన్నపిల్లలకి 5 ఏళ్లకే ఇస్తారు కదా, ఎయిర్‌పోర్ట్‌లో ఆఫీసర్ అది ఎక్స్‌పైర్ అయ్యే డేట్ దాకానే ఐ-94 ఇచ్చేస్తుంటారు, హెచ్-4 వీసాకి (హెచ్-1బి వాళ్ల భార్యాపిల్లలకిచ్చేది) ఇంకా టైమున్నా, మీ హెచ్-1బి (ఉద్యోగ వీసా) ఇంకా నడుస్తున్నా సరే.

ఇద్దరూ ఇప్పుడు వైజాగ్‌లోనే ఉన్నారన్నారు కాబట్టి ఇక్కడే తేల్చేసుకోండి.

1. తిరుగు ప్రయాణానికి ముందే మర్రిపాలెం పాస్‌పోర్ట్ ఆఫీసులో బాబుది రెన్యూ చేయించండి.

2. వీసా స్టాంప్ పాత బుక్‌లోనే ఉంటుంది, అది చెల్లుతుంది. రెండు బుక్కులూ హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకోమనండి, పాతది సూట్‌కేస్‌లో వేసి చెకిన్ చేసేయొద్దు.

3. అందరూ వదిలేసేది ఇదే: అమెరికాలో దిగిన రోజే సీబీపీ (అక్కడి కస్టమ్స్, సరిహద్దు విభాగం) సైట్‌లో ఇద్దరి ఐ-94లూ విడివిడిగా తీసి చూడండి, మీ ఆవిడది కరెక్ట్‌గా ఉంది కదా అని బాబుది చూడకపోతే ఆ డేట్ దాటిపోయేదాకా ఎవరికీ తెలీదు. అక్కడ ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది వీసా స్టాంప్ కాదండి, ఐ-94.

కొత్త పాస్‌పోర్ట్ చూపించినా డేట్ తప్పు పడితే సీబీపీ డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసులో (ఐ-94లో తప్పులు సరిచేసేది) అడగండి. అక్కడ అవ్వకపోతే ఆ డేట్ లోపే బాబుకి ఐ-539 (గడువు పెంచమని అడిగే ఫారం) వేయాలి. మీ హెచ్-1బి ఎక్స్‌టెన్షన్ వేసినంత మాత్రాన బాబుది దానంతటదే పెరగదు, బాబుకి కూడా వేశారా అని లాయర్‌ని గట్టిగా అడగండి.