తార్నాకలో మీరు లెక్కపెట్టని నడక

తార్నాక నుంచి అమెరికా వెళ్ళి ఉద్యోగంలో చేరిన ఒక యువకుడు, పది నెలల్లోనే తొమ్మిది కిలోలు పెరిగానని, గదిలో ఉంటున్న మిత్రుల్లో ఒకరు కీటో (అన్నం, రొట్టెల వంటి పిండిపదార్థాలు దాదాపు మానేసి కొవ్వు ఎక్కువగా తినే పద్ధతి) చేస్తుంటే మరొకరు రోజుకు ఒక్కపూటే తింటున్నారని, ఈ రెండింటిలో ఏది పట్టుకోవాలో చెప్పమని అడిగారు. ఇరవై రెండేళ్ళుగా అక్కడే స్థిరపడిన నేను ప్రస్తుతం సెలవుకు హైదరాబాద్ వచ్చి, వారి ఇంటికి కూతవేటు దూరంలోనే ఉన్నాను. నేను వైద్యుణ్ణి కాను. ఈ దారిలో రెండుసార్లు జారిపడినవాణ్ణిగా మాత్రమే రాస్తున్నాను.

ఏ డైట్ అన్నది తరువాతి సంగతి. అక్కడికి వెళ్ళాక మీ రోజులోంచి ఏం జారిపోయిందో ముందు చూసుకోండి. ఇక్కడున్నప్పుడు మీరు ఇంటి నుంచి తార్నాక మెట్రో స్టేషన్ దాకా నడిచేవారు, మెట్లెక్కేవారు, హైటెక్ సిటీలో దిగి ఆఫీసు దాకా మళ్ళీ నడిచేవారు, మధ్యాహ్నం స్నేహితులతో చాయ్ కోసం కిందికి దిగేవారు, సాయంత్రం అమ్మగారు చెబితే కొత్తిమీర కట్ట కోసం సందు చివరిదాకా వెళ్ళేవారు. వీటిలో ఒక్కదాన్నీ మీరు వ్యాయామం అనుకోలేదు కనుక, పోయినప్పుడు పోయిందనీ గమనించలేదు. అక్కడ గడప దాటితే కారు, కారు దిగితే కుర్చీ. పాలడబ్బా అయిపోయినా కారు తీయవలసిందే. భోజనం వేళలూ అంతే. ఇంట్లో ఎనిమిదిన్నరకు ఎవరో పిలిచేవారు. గదిలో పదింటికి గాని కుక్కర్ పెట్టరు.

వెళ్ళిన తొలి జనవరిలో నేను ఒక జిమ్‌కు ఏడాది ఒప్పందం రాసిచ్చి, లెక్కపెట్టి పదకొండు రోజులు వెళ్ళాను. మానుకుంటానంటే గడువు తీరేదాకా నెలనెలా కట్టవలసిందేనన్నారు, కట్టాను. కొన్నేళ్ళ తరువాత ఒక చలికాలమంతా అన్నం ముఖం చూడకుండా ఎనిమిది కిలోలు తగ్గి, ఆ గర్వంతో హైదరాబాద్ వచ్చాను. మూడు వారాల్లో రెండు పెళ్ళిళ్ళు, ఒక గృహప్రవేశం, మా మేనత్త చేతి బొబ్బట్లు. తిరిగి వెళ్ళిన నాలుగు నెలలకు ఆ ఎనిమిదీ వచ్చాయి, వాటి వెంట మరో రెండు వచ్చాయి. అన్నం మానడం నేర్చుకున్నానే గాని, మామూలు రోజున మామూలు భోజనం ఎంత తినాలో నేర్చుకోలేదని అప్పుడు తెలిసింది. ఆనాటి నుంచి ఏ కొత్త పద్ధతి గురించి విన్నా నేను వేసుకునే ప్రశ్న ఒకటే: ఇది జనవరి మంచులోనూ, మేనత్త ఇంట్లోనూ నిలుస్తుందా?

కీటోలో మొదటి వారాల్లో చకచకా తగ్గే బరువులో ఎక్కువ భాగం నీరే. శరీరం గ్లైకోజెన్ రూపంలో దాచుకున్న చక్కెర ఖర్చవుతుంటే దానితో ఉన్న నీరూ పోతుంది. ఒక్కపూట భోజనంతో తగ్గేవారు తగ్గుతున్నది ప్రధానంగా మొత్తం మీద తక్కువ తింటున్నందువల్లనే. అందులో గడియారం మహిమ పెద్దగా లేదు. అది ఒంటికి పడితే నాకు అభ్యంతరం లేదు గాని, షుగర్ మాత్రలు వాడేవారు వైద్యుణ్ణి అడగకుండా అంతంత సేపు పస్తుండకూడదు.

అసలు కీలకం మీ గదిలోని రైస్ కుక్కర్ పక్కనే ఉంది. దానితో వచ్చే కొలత గ్లాసులో 180 మిల్లీలీటర్లు, అంటే సుమారు 150 గ్రాముల బియ్యం పడుతుంది. అది 500 కేలరీలకు పైమాటే. నలుగురికి నాలుగు గ్లాసులు పోసి, మిగిల్చితే పాడవుతుందని అర్ధరాత్రి గిన్నె ఖాళీ చేస్తారు. నంజుకోవడానికి ఆవకాయ, ఆలుగడ్డ వేపుడు. నలుగురికీ రెండు గ్లాసులు పోసి చూడండి. కంచంలో ముందు కూర, పప్పు వడ్డించుకుని, మిగిలిన చోటే అన్నానికి వదలండి. మీ తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు అన్నం మానమనలేదు. రోజుకు కావలసిన శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించవద్దన్నాయి, కంచంలో సగం కూరగాయలు, పండ్లు ఉండాలన్నాయి. ఆదివారం రెండు రకాల పప్పు వండి చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టుకుంటే, బుధవారం రాత్రి పిజ్జా తెప్పించే అవసరం సగం తప్పుతుంది. ఇండియన్ స్టోర్‌లో దొరికే ఫ్రోజెన్ బెండకాయను చిన్నచూపు చూడకండి.

నడక విషయంలో పదివేల అడుగుల అంకె చూసి బెదరవద్దు. అది 1965 ప్రాంతంలో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల లెక్క యంత్రం పేరు నుంచి వచ్చింది గాని, వైద్యశాస్త్రం నుంచి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, రెండు రోజులు కండరాలకు పని. 2002లో వెలువడిన అమెరికా మధుమేహ నివారణ అధ్యయనంలో, ప్రమాదపు అంచున ఉన్నవారు వారానికి 150 నిమిషాల శ్రమ, బరువులో 7 శాతం తగ్గడం లక్ష్యాలుగా పెట్టుకుని ఆహారం మార్చుకుంటే, మధుమేహం బారిన పడేవారి సంఖ్య 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్రతో తగ్గింది 31 శాతమే. ఈ నడకను సాయంత్రానికి వాయిదా వేయకండి, అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో డిసెంబరులో ఐదు కాకముందే చీకటి పడుతుంది. మధ్యాహ్న భోజనం కాగానే అరగంట చొప్పున వారానికి ఐదు రోజులు నడిస్తే సరిపోతుంది. కండరాల పనికి చాలా అపార్ట్‌మెంట్లలో ఉండే జిమ్ చాలు, దాని ఖర్చు మీ అద్దెలో ఎలాగూ ఉంది.

ఇంకొకటి, క్లినిక్ గోడ మీది పట్టికను నమ్మి ఊరుకోకండి. అందులో బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూపే అంకె) 25 దాకా మామూలే అని ఉంటుంది. మన ప్రాంతపు మనుషులకు తక్కువ బరువులోనే, చిన్న వయసులోనే మధుమేహం వస్తుంది కనుక ఆసియా సంతతివారికి 23 నుంచే పరీక్ష చేయాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ సూచిస్తుంది. ఐదడుగుల ఏడంగుళాల మనిషి 70 కిలోలు ఉంటే ఆ గీత దాటినట్టే. రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్షలో 5.7 నుంచి 6.4 మధ్య వస్తే హెచ్చరిక, 6.5 చేరితే మధుమేహం కిందే లెక్క. బ్రిటన్, కెనడాలకు వెళ్ళేవారికి మరో చిక్కు ఉంది. అక్కడ రక్తంలో చక్కెరను వేరే కొలతలో రాస్తారు; ఆ అంకెను 18తో గుణిస్తే మన లెక్క వస్తుంది. పరగడుపున 7 అని చూసి తక్కువే కదా అనుకుంటే పొరపాటు, అది మన 126.

సంక్రాంతికి వస్తున్నానన్నారు. వచ్చిన మర్నాడే ఉదయం ఆరింటికి మీ నాన్నగారితో కలిసి ఉస్మానియా ప్రాంగణంలోకి నడవండి. ఆర్ట్స్ కాలేజీ ముందు మీ వయసువారికన్నా ఆయన వయసువారే ఎక్కువగా కనిపిస్తారు. తిరిగి వెళ్ళేలోగా ఇద్దరూ పరగడుపున రక్తపరీక్ష చేయించుకోండి. మీ రిపోర్టు ఒక ప్రతి వెంట తీసుకువెళ్తే, అక్కడి డాక్టరు తొలిసారి చూసేటప్పుడు పోల్చుకోవడానికి పాత అంకె ఒకటి ఉంటుంది.