మురుగునీటిలోని సూక్ష్మజీవులను పరీక్షిస్తే ఏం ఉపయోగం?

అసలు మురుగును శుద్ధి చేసేది ప్రధానంగా బ్యాక్టీరియానే. ట్యాంకులోకి గాలి కొడుతుంటే అవి మలినాన్ని తిని, ముద్దకట్టి అడుగుకు చేరతాయి. నైట్రోసోమోనాస్ వంటివి అమోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. దారాల్లా పెరిగే రకాలు మితిమీరితే ఈ ముద్దల బురద అడుగుకు దిగదు, బయటికి పోయే నీళ్లు పాడవుతాయి. అందుకే బురద చుక్కను మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తారు. కాడ మీద గంటలా ఊగే వర్టిసెల్లా అనే ఏకకణ జీవి బాగా కనిపిస్తే సాధారణంగా ట్యాంకు సవ్యంగా నడుస్తున్నట్టే.

ప్రజారోగ్యం సంగతికొస్తే మన హైదరాబాదే మంచి ఉదాహరణ. 2020లో అక్కడి పరిశోధన సంస్థలైన సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు నగర మురుగులో కరోనా ఆర్‌ఎన్‌ఏను, అంటే ఆ వైరస్ జన్యుపదార్థాన్ని కొలిచి, సుమారు 2 లక్షల మంది వైరస్‌ను విసర్జిస్తున్నారని అంచనా కట్టారు. ఎవరి ముక్కులోంచీ శాంపిల్ తీయకుండానే, లక్షణాలు లేనివాళ్లు కూడా ఆ లెక్కలోకి వచ్చారు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరు. మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసే అక్కడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్నట్టు 2007లో వచ్చిన అధ్యయనం తేల్చింది. శుద్ధి అయ్యాక కూడా! అంత మందులో బతికి బట్టకట్టిన బ్యాక్టీరియా మందును తట్టుకునే తన నిరోధక జన్యువులను పక్కవాటికీ అందించగలదు. ఆ జన్యువుల జాడ ఎప్పటికప్పుడు తీస్తుంటే, ఏ యాంటీబయాటిక్ పనిచెయ్యకుండా పోతోందో ముందే పసిగట్టే వీలుంటుంది.